కరెంటు పోయిన ఇంట్లో కరెంటు కొట్టింది: విజయవాడ ఇంటి ఓనర్లకు ఒక వైర్‌మ్యాన్ బహిరంగ లేఖ

విజయవాడలో ఇళ్లు, పోర్షన్లు, హాస్టల్ గదులు అద్దెకిస్తున్న ఓనర్లందరికీ నమస్కారం.

మీలో కొందరికి నేను తెలుసు. పేరు గుర్తుండకపోవచ్చు, "కరెంటాయన" అంటే గుర్తుపడతారు. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లోనే పని. సత్యనారాయణపురం, గుణదల, చిట్టినగర్, కృష్ణలంక, పటమట, సింగ్‌నగర్ అన్నీ తిరిగాను. మీ గోడలకి గాళ్లు కొట్టి పైపులు పెట్టింది మాలాంటివాళ్లమే. గృహప్రవేశానికి సీరియల్ సెట్లు కట్టి, మీ ఇంట్లోనే పప్పన్నం తిని వెళ్లాం. కాబట్టి ఇది బయటివాడెవడో మీ మీద రాసిన ఫిర్యాదు అనుకోకండి. ఇందులో సగం తప్పు నాది. ముందు అదే చెప్పుకుంటాను.

కొన్నేళ్ల కిందట ఒక ఇంటికి వైరింగు చేశాను. కింద ఓనరు గారు, పైన అద్దెకి రెండు పోర్షన్లు. ఇల్లు కట్టే ప్రతివాళ్లకీ ఒకటే కథ. టైల్స్ కొనేటప్పుడు ఉన్న హుషారు, లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఎర్త్ గొయ్యి దగ్గరికొచ్చేసరికి ఉండదు. అప్పటికి డబ్బులూ ఉండవు. "గొయ్యి తవ్వాలండీ, జీఐ పైపు, బొగ్గు, ఉప్పు, కూలీ కలిపి ఇంతవుతుంది" అన్నాను. ఆయన నవ్వి, "టెస్టింగ్ బల్బు వెలగాలి, అంతేగా? ఎట్లాగో ఒకట్లా కానియ్యి నాయనా" అన్నారు.

కానిచ్చాను. త్రీపిన్ సాకెట్ల వెనకాల న్యూట్రల్ నుంచి పైన ఉండే ఎర్త్ పిన్నుకి బెత్తెడు వైరు ముక్క వేశాను. మా పనిలో దీన్ని లూపు కొట్టడం అంటారు. ఆ తర్వాత టెస్టింగ్ బల్బు ఒక వైరు ఫేజులో, రెండోది ఎర్త్‌లో పెడితే భేషుగ్గా వెలుగుతుంది. చూసేవాళ్లకి ఎర్త్ ఉన్నట్టే. నిజానికి భూమిలోకి ఒక్క వైరు కూడా దిగలేదు.

దీంట్లో ప్రమాదం ఎక్కడుందో చెప్తాను. కరెంటు ఫేజులో వచ్చి న్యూట్రల్‌లో తిరిగి వెళ్తుంది. న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలిపేస్తారు కాబట్టి మామూలు రోజుల్లో అది పిల్లిలా పడుంటుంది. అదే న్యూట్రల్ మీ ఇంటికొచ్చే దారిలో ఎక్కడైనా తెగిందనుకోండి. ఫేజు ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. ఆన్‌లో ఉన్న ఫ్యానులోంచీ, లైటులోంచీ దూరి అవతలి వైపుకి వెళ్తుంది, అక్కడినుంచి పోవడానికి దారి ఉండదు. ఫ్యాను తిరగదు, లైటు వెలగదు, కానీ న్యూట్రల్ వైరు మొత్తం ఫేజుగా మారి కూర్చుంటుంది. ఆ న్యూట్రల్‌కి నేను లూపు కొట్టి ఉంచాను కదా. ఇంట్లో ఫ్రిజ్జు, కూలరు, గ్రైండరు, త్రీపిన్ ప్లగ్గు ఉన్న ప్రతి ఇనప వస్తువు ఒంటికీ అదే ఫేజు ఎక్కుతుంది.

ఏడేళ్లు ఏమీ కాలేదు. ఎనిమిదో ఏడు మే నెలలో, మన బెజవాడ ఎండలు మీకు తెలిసినవే, పైన ఒక పోర్షనులో కొత్తగా ఏసీ పెట్టారు. ఆ లోడుకి మీటరు బోర్డు దగ్గర ఫ్యూజు పెట్టే కట్‌అవుట్‌లో న్యూట్రల్ బిగింపు వదులై, వేడెక్కి, నల్లగా మాడి ఒక సాయంత్రం తెగిపోయింది. ఇల్లంతా చీకటి. పక్క పోర్షనులో లైట్లు వెలుగుతున్నాయి. "మనకే ఫ్యూజు పోయినట్టుంది" అనుకున్నారు. ఇంటావిడ కూలర్‌ని కిటికీ దగ్గర్నుంచి పక్కకి జరుపుదామని ఎడం చెయ్యి వేసింది. ఇనప కూలరు. కింద నీళ్లు కారి నేల తడిగా ఉంది. కాళ్లకి చెప్పుల్లేవు.

ఆవిడ చెయ్యి అతుక్కుపోయింది.

అత్తగారు భుజం పట్టి లాగబోతే ఆవిణ్ణీ విసిరికొట్టింది. పక్క పోర్షను కుర్రాడు, ఇంజనీరింగు చదువుతున్నాడు, మెయిన్ ఆపడానికి కిందికి పరిగెత్తాడు. మెయిన్ బోర్డు మెట్ల కింద గ్రిల్లు లోపల ఉంది. గ్రిల్లుకి తాళం. ఓనరు గారు కుటుంబంతో తిరుపతి వెళ్లారు. మళ్లీ పైకొచ్చాడు. "ప్లగ్గు లాగుదామనిపించింది అంకుల్, కానీ కరెంటే లేదు కదా, లాగి ఏం లాభం అని ఒక్క క్షణం ఆగిపోయాను" అని తర్వాత నాతో చెప్పాడు. చివరికి లాగాడు. త్రీపిన్ బయటికి రాగానే ఆవిడ కింద పడిపోయింది. రెండు మూడు గుక్కల తర్వాత ఊపిరి అందుకుంది. బతికింది.

మర్నాడు నన్ను పిలిచారు. ఆ సాకెట్టు విప్పాను. టేపు చివర చిన్న మడత పెట్టడం నా అలవాటు, తర్వాత ఎప్పుడైనా గోరుతో తీయడానికి వీలుగా ఉంటుందని. ఆ లూపు మీద నల్ల టేపు, దాని చివర మడత అలాగే ఉన్నాయి. ఇంకెవరో చేశారని చెప్పుకునే అవకాశం లేకుండా.

ఆవిణ్ణి చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లాను. ఒక రోజంతా గుండెకి వైర్లు పెట్టి చూశారు. ఎడం అరచేతిలో గోధుమ గింజంత తెల్లటి మచ్చలు రెండు. కాలి వేళ్లకి మట్టెలు తగిలే చోట సన్నగా కాలిన గీత. పైకి అంతే. మా పనిలో కుర్రాళ్లు కూడా "చిన్న మచ్చేలే" అంటుంటారు, అందుకని ఇక్కడ కాస్త ఆగుతాను. కరెంటు గాయం పైకి చిన్నగా కనపడినా లోపల దాని దారిపొడుగునా కండరాన్ని ఉడికించి ఉండొచ్చు. ఆ చచ్చిన కండరంలోంచి వచ్చే పదార్థం మూత్రపిండాల్ని మూసేస్తుంది. అందుకే డాక్టరు గారు మూత్రం రంగు ఎట్లా ఉందని మూడుసార్లు అడిగారు. మూత్రం పాలు లేని టీ రంగులో వస్తే ఇంట్లో కూర్చోకూడదన్నారు. అలాగే ఎడం చేతిలోంచి కాళ్లకి వెళ్లే కరెంటు దారిలో గుండె తగులుతుంది. ఆవిడకి అదే దారి పడింది.

ఆవిడ చెప్పిన మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. "వదులు వదులు అని అత్తయ్య అరుస్తోందండీ, నాకు వినపడుతోంది. వదలాలనే ఉంది. చెయ్యి నా మాట వినట్లేదు. అరుద్దామంటే ఊపిరి రాలేదు."

ఆ మాట పట్టుకుని మా అమ్మాయిని అడిగాను. బీటెక్‌లో ఎలక్ట్రికల్ తీసుకుంది. మా పనిలో మాకు పుస్తకాలుండవు. పెద్ద మేస్త్రీ కొట్టిన మొట్టికాయలే పాఠాలు. తను కూర్చోబెట్టి చెప్పింది. మన కండరాలు కదిలేది కూడా కరెంటుతోనేనట, కాకపోతే అది మెదడు నుంచి నరాల్లో వచ్చే చిటికెడు కరెంటు. బయటినుంచి సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగే మన ఇంటి కరెంటు వచ్చి ఆ నరాల్ని మీటితే, కండరం ఎవరి మాట వినాలో తెలియక బిగుసుకుపోతుంది. ముంజేతిలో పిడికిలి మూసే కండరాలూ ఉంటాయి, తెరిచేవీ ఉంటాయి. మూసేవే బలమైనవి. రెండూ ఒకేసారి బిగిస్తే పిడికిలి మూసుకుంటుంది. అందుకే కరెంటు మనిషిని పట్టుకుంటుందంటారు. నిజానికి పట్టుకునేది మనమే. మాలో పాతవాళ్లు అనుమానం ఉన్న వస్తువుని మునివేళ్లతో కాకుండా చేతి వెనక వైపుతో తాకి చూసేవాళ్లు. కొడితే చెయ్యి దానంతటదే వెనక్కి ముడుచుకుంటుందని. మీరు చెయ్యమని కాదు, టెస్టరు పది రూపాయలున్న రోజుల్లో కూడా ఆ పద్ధతి తప్పే.

ఎంత కరెంటుకి పట్టేస్తుంది? అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రొఫెసరు చార్లెస్ డాల్జీల్ దీన్ని నిజం మనుషుల మీదే కొలిచాడు. ముందుకొచ్చిన 134 మంది మగవాళ్లకీ, 28 మంది ఆడవాళ్లకీ చేతిలో రాగి తీగ పెట్టి, కొంచెం కొంచెంగా కరెంటు పెంచుకుంటూ పోయాడు, ఎక్కడ వదల్లేకపోతారో చూద్దామని. సగటున మగవాళ్లకి 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకి 10.5. మిల్లీ ఆంపియర్ అంటే ఆంపియర్‌లో వెయ్యో వంతు. ఒక్క మిల్లీ ఆంపియర్ దగ్గర చిమచిమలాడుతుంది. 10 దాటితే వదల్లేం. 20, 30 దగ్గర ఛాతీ కండరాలు బిగుసుకుని ఊపిరి ఆడదు. మా ఇంటావిడకి జరిగింది అదే. మా ఇంటావిడ అన్నాను, చూశారా. ఆ పోర్షను ఆవిడ. ఈ ఊళ్లో పనిచేసిన ప్రతి ఇల్లూ మా ఇల్లే అనిపిస్తుంటుంది.

50 మిల్లీ ఆంపియర్లు దాటి సెకనో రెండు సెకన్లో నిలిస్తే వంతు గుండెది. గుండె ఆగదు, అది తప్పు మాట. వణుకుతుంది. తాళం తప్పిన భజన చూశారా? అందరూ తాళాలు కొడుతూనే ఉంటారు, ఎవరి తాళం వాళ్లది, పాట మాత్రం నడవదు. అలా వణికే గుండె రక్తాన్ని తోయలేదు. కరెంటు తీసేసినా దానంతటది మళ్లీ తాళంలో పడదు.

ఈ 50 అంటే ఎంతో తెలుసా? మన పడగ్గదుల్లో రాత్రంతా వెలిగే పాత జీరో బల్బు నిజానికి 15 వాట్లు. అది లాక్కునేది దాదాపు 65 మిల్లీ ఆంపియర్లు. మనిషిని చంపడానికి జీరో బల్బు వెలిగేంత కరెంటు చాలు.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఓనర్లతో మాట్లాడినప్పుడల్లా వినే మాట: "మా ఇంట్లో అన్నీ ఎంసీబీలే అండీ, మంచి కంపెనీవి, షాక్ కొడితే టక్కున పడిపోతుంది." పడిపోదండీ. ఎంసీబీ అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు. మీ ఎంసీబీ మీద 16 అని రాసుందంటే, 16 ఆంపియర్లు దాటితేనే దానికి కదలిక. తడి ఒళ్లు దాదాపు వెయ్యి ఓములు అడ్డం పెడుతుందనుకుంటే, 230 ఓల్టులకి మనిషిలోంచి వెళ్లేది ఆంపియర్‌లో పావు వంతు కూడా కాదు. మనిషి చచ్చిపోతుంటే ఎంసీబీకి అది ఒక బల్బు వేసినంత. అది కాపాడేది మీ గోడలోని వైరుని, మీ ఇంటిని. ఇంట్లో ఉన్న మనిషిని కాదు.

మనిషి కోసం తయారైన స్విచ్చు వేరే ఉంది. ఆర్‌సీసీబీ. చూడ్డానికి రెండు ఎంసీబీలు అతికించినంత ఉంటుంది, మీద "టి" అని ఒక బటన్. పనిచేసే తీరు తెలిస్తే ముచ్చటేస్తుంది. ఇంట్లోకి వెళ్లే ఫేజునీ, తిరిగొచ్చే న్యూట్రల్‌నీ ఒకే ఇనప రింగులోంచి పంపుతారు. వెళ్లిందంతా తిరిగొస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, రింగు నిద్రపోతుంది. వెళ్లినదాంట్లో 30 మిల్లీ ఆంపియర్లు తిరిగి రాలేదంటే, అది ఎక్కడో గోడలోంచో, మనిషిలోంచో భూమిలోకి పోతోందన్నమాట. రింగు లేస్తుంది, స్విచ్చు పడుతుంది. లీకేజీ సరిగ్గా 30 ఉంటే సెకనులో మూడో వంతు లోపల, 150 ఉంటే 40 మిల్లీ సెకన్లలో పడాలని ప్రమాణం. గుండె ఒకసారి కొట్టుకునే టైములో ఇరవయ్యో వంతు. పైన చెప్పిన డాల్జీల్ గారే ఇలాంటి పరికరాన్ని 1961లో తయారు చేశాడట. మనుషుల మీద కొలిచినాయనే మందు కూడా కనిపెట్టాడు.

ఆ రోజు ఆ పోర్షనులో రెండు వేల రూపాయల ఆర్‌సీసీబీ ఉండుంటే, ఆవిడ చెయ్యి వేసిన మరుక్షణం ఫేజు తెగేది. నా లూపు తప్పుని కూడా అది కప్పేసేది. అంతమాత్రాన లూపులు ఉంచెయ్యమని కాదు. లూపు ఉన్న సాకెట్టులో మామూలు రోజుల్లో జరిగే లీకేజీ న్యూట్రల్‌లోంచే తిరిగొచ్చేస్తుంది, రింగు కనిపెట్టలేదు. లూపు తీసి నిజమైన ఎర్త్ ఇవ్వాలి, పైన ఆర్‌సీసీబీ పెట్టాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదన్నవాణ్ణి నమ్మొద్దు, వాడు మా పనివాడైనా సరే. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ప్లాస్టిక్ స్టూలెక్కి ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా ఏమీ చెయ్యలేదు. దానికి అది బల్బే.

కొండ మీద ఇళ్ల ఓనర్లకి ఇక్కడ విడిగా చెప్పాలి. మొగల్రాజపురం, గుణదల, చిట్టినగర్ వైపు కొండవాలు ఇళ్లలో ఎర్త్ గొయ్యి తవ్వమంటే రాయి తగులుతుంది. రెండడుగులకే గడ్డపార ఖంగుమంటుంది. "ఇక్కడ ఎర్త్ రాదు, వదిలెయ్యి" అంటారు. నిజమే, రాతిలో ఎర్త్ మంచిగా రాదు. వంద ఓములు వచ్చిందనుకోండి. కూలరు ఒంటికి ఫేజు తగిలితే ఆ ఎర్త్‌లోంచి పోయేది 2.3 ఆంపియర్లు. ఎంసీబీ పడుకునే ఉంటుంది, కూలరు కొడుతూనే ఉంటుంది. అదే ఆర్‌సీసీబీకి 2.3 ఆంపియర్లంటే దానికి కావలసినదానికి డెబ్బై రెట్ల పైమాటే. ఎగిరి పడుతుంది. అంటే ఎర్త్ సరిగా రాని చోటే ఆర్‌సీసీబీ మరీ అవసరం. కృష్ణలంకలో ఇసక నేల, తవ్వడం తేలిక, కానీ ఏప్రిల్‌కల్లా ఎండిపోతుంది. వేసవిలో ఆ గొయ్యిలో వారానికో బిందె నీళ్లు పొయ్యండి. తులసి కోటకి రోజూ పోస్తూనే ఉన్నారుగా.

"పెట్టించానయ్యా, ఊరికే పడిపోతోందని తీయించేశా." ఇది రెండో మాట. ఇదీ చాలా ఇళ్లలో నిజం, ఎందుకంటే తీసేసింది మళ్లీ మేమే. వాన పడితే పడుతుంది, గీజరు వేస్తే పడుతుంది, అద్దెకున్నవాళ్లు విసుక్కుంటారు, మీరు మాకు ఫోన్ చేస్తారు, మేం వచ్చి దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చి రెండొందలు తీసుకుని పోతాం. కుక్క అరుస్తోందని కుక్కని కట్టేసినట్టు. అది వాన పడినప్పుడు పడుతోందంటే బయటి లైటు హోల్డర్లోకో, మేడ మీది మోటారు బోర్డులోకో నీళ్లు పోతున్నాయని. గీజరు వేస్తే పడుతోందంటే గీజరు కాయిల్ లోపల పగిలి నీళ్లకి కరెంటు తగులుతోందని, ఆ నీళ్ల కింద పిల్లలు స్నానం చేస్తున్నారని. ఇవేవీ కాకుండా పడుతుంటే పోర్షన్ల మధ్య న్యూట్రల్ కలిసిపోయి ఉంటుంది. వెనకటి రోజుల్లో వైరు ఆదా అని రెండు పోర్షన్లకీ ఒకే న్యూట్రల్ లాగేసేవాళ్లం. ఈ పోర్షను ఫేజులో వెళ్లింది ఆ పోర్షను న్యూట్రల్‌లో తిరిగొస్తే ఇటు ఆర్‌సీసీబీ లెక్క తప్పదూ మరి. దీన్ని వెతికి విడదీయడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట కూలీ అడిగితే ఇవ్వండి. అడక్కుండా డైరెక్ట్ ఇచ్చేవాణ్ణి మళ్లీ పిలవకండి.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక అక్కడ వరసగా పని చేశాను. స్విచ్ బోర్డు విప్పితే లోపల బురద, ఎండి చిప్పలుగా లేచింది. అందరికీ తొందరే, పాపం, కట్టుబట్టలతో ఉన్నారు, ఫ్యాను తిరిగితే చాలనుకున్నారు. కొందరు ఓనర్లు బోర్డుల్ని కడిగి ఎండలో పెట్టి మళ్లీ బిగించమన్నారు. స్విచ్చులు కూడా మార్చడమే మంచిది. మునిగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీ మాత్రం పారెయ్యాల్సిందే. లోపలి స్ప్రింగులో బురద ఇరుక్కుంటే పైకి బాగానే ఉంటుంది, పడాల్సిన రోజు పడదు. ఆ వరదకి మునిగిన ఇంట్లో ఇంకా పాత ఆర్‌సీసీబీనే ఉంటే, బటన్ నొక్కితే పడుతోంది కదా అని నమ్మకండి. వెంటనే మార్పించండి.

తాళాల సంగతి మర్చిపోలేదు. మీటర్లు, మెయిన్లు మెట్ల కింద పెట్టుకుంటారు, దొంగల భయానికో, మోటారు స్విచ్చు ఎవరూ వేసుకోకూడదనో గ్రిల్లు వేసి తాళం వేస్తారు. పైన అద్దెకున్నవాళ్ల మెయిన్ మీ తాళం వెనకాల ఉంది. కరెంటు పట్టుకున్న మనిషిని చూసినవాళ్లు చెయ్యాల్సిన మొదటి పని మెయిన్ ఆపడం. మీరు తాళం వేసింది ఆ పనికి. ప్రతి పోర్షను లోపల, చెయ్యి ఎత్తితే అందేలా, ఆ పోర్షను మెయిన్ ఒకటి ఉండాలి. ఇన్వర్టరు ఉంటే దాని స్విచ్చు కూడా చూపించాలి. మెయిన్ తీసినా ఇన్వర్టరు మీద ఉన్న ఫ్యాన్లకి, లైట్లకి కరెంటు నడుస్తూనే ఉంటుంది. ఇది తెలియక కొట్టించుకున్నవాళ్లలో నా హెల్పరు ఒకడు.

మెయిన్ అందకపోతే ఎండిన చెక్క కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో తోసెయ్యాలి. చేత్తో కాదు. విడిపడ్డాక ఊపిరి లేకపోతే అరికాళ్లు రుద్దుకుంటూ కూర్చోకూడదు. 108కి ఒకరు ఫోన్ చేస్తుంటే ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, రెండంగుళాలు దిగేలా, నిమిషానికి వందకి తగ్గకుండా, నూట ఇరవైకి మించకుండా నొక్కుతూనే ఉండాలి. గుండె తాళం తప్పాక నొక్కేవాళ్లు లేని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం పదో వంతు దాకా తగ్గిపోతుందని డాక్టరు గారు చెప్పారు. సాయంత్రం పూట బెంజ్ సర్కిల్ దాటడానికి అంబులెన్సుకి ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

హాస్టళ్లు నడిపేవాళ్లకి ఒక్కటే. చలికాలం మీ గదుల్లో పిల్లలు బక్కెట్లో హీటరు రాడ్డు పెట్టుకుంటారు. వద్దని గోడ మీద బోర్డు రాశామంటారు. బోర్డు ఉన్నా పెడతారు, పొద్దున్నే ఆరింటికి క్లాసు. నీళ్లు కాగాయో లేదో వేలు ముంచి చూస్తారు. వేడినీళ్లు ఇవ్వండి, లేదా ప్రతి గదికీ ఆర్‌సీసీబీ పెట్టండి. రెండూ చేస్తే మరీ మంచిది.

చట్టం గురించి ఎక్కువ చెప్పను. లీకేజీకి పడే రక్షణ పరికరం గురించి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనల్లోనే ఉంది, 2023లో వాటిని తిరగరాసినప్పుడూ ఉంచారు. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ ఉంది. దేశంలో 2021లో కరెంటు కొట్టి పోయినవాళ్లు 12 వేలకి పైనే అని జాతీయ నేర రికార్డుల బ్యూరోనే లెక్క చెప్పింది. వాళ్లంతా తీగల మీద పనిచేసే లైన్‌మ్యాన్లు కాదు. బట్టలారేసే తీగ పట్టుకున్నవాళ్లు, మోటారు వెయ్యబోయినవాళ్లు, కూలరు జరపబోయినవాళ్లు కూడా.

మనిషి మారినప్పుడల్లా ఇంటికి సున్నం వేయిస్తారు. రెండు నెలల అడ్వాన్సు తీసుకుంటారు, మేకులు కొట్టొద్దని చెప్తారు. ఆ సున్నం కూలీలో పదో వంతు పెట్టి, తాళాలు చేతికిచ్చే ముందు ఎర్త్ కొలిపించండి. టెస్టింగ్ బల్బుతో కాదు, ఎర్త్ ఎన్ని ఓములుందో చూపించే ఎర్త్ మెగ్గర్‌తో. అది లేనివాణ్ణి పంపించెయ్యండి. అద్దెకి దిగేవాళ్లకి ఆర్‌సీసీబీ చూపించి, నెలకోసారి బటన్ నొక్కమని చెప్పండి. మీరు అద్దెకోసం ఒకటో తారీఖు పైకి ఎలాగూ వెళ్తారు, వాళ్లు నొక్కకపోతే మీరే నొక్కండి.

నేను నా వంతు మొదలుపెట్టాను. పాత డైరీలు తీసి, లూపు కొట్టిన ఇళ్లు ఎన్ని గుర్తొస్తే అన్నింటికీ వెళ్తున్నాను. లూపు తీయడానికి కూలీ తీసుకోవట్లేదు. కొందరు ఓనర్లు తలుపు కూడా తీయలేదు, "ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడేంటి" అన్నారు. కొందరు కాఫీ ఇచ్చి మరీ చేయించుకున్నారు.

ఆ ఇంటికి కూడా వెళ్లాను. ఓనరు గారు ఈసారి డబ్బు సంగతి ఎత్తలేదు. గొయ్యి తవ్వించాం, లూపులన్నీ పీకేశాను, రెండు పోర్షన్లకీ ఆర్‌సీసీబీలు బిగించాను, మెయిన్లు గదుల్లోకి తెచ్చాను. అంతా అయ్యాక ఆవిణ్ణి పిలిచి, "మీరే నొక్కి చూడండమ్మా" అన్నాను. దగ్గరికి రాలేదు. కాసేపు గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. తర్వాత వెళ్లి చెప్పులు వేసుకొచ్చి, ఎడం చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడి చేతి వేలికి చీర కొంగు నాలుగు చుట్లు చుట్టుకుని ఆ బటన్ నొక్కింది. టక్కుమని పడింది. ఫ్యాను నెమ్మదిగా ఆగింది. "మళ్లీ వెయ్యండి" అంది. వేశాను. మళ్లీ నొక్కింది.

ఇట్లు,
మీ కరెంటాయన,
విజయవాడ